కన్సోల్ కొత్తదే, బొమ్మ మాత్రం పాతలాగే ఉందా? టీవీలో ఇవి మార్చి చూడండి

కన్సోల్ డబ్బా విప్పి, కేబుల్ ఒక చివర దానికి, ఇంకో చివర టీవీ వెనక చేతికందిన పోర్ట్‌కి గుచ్చేసి, బొమ్మ రాగానే గేమ్ మొదలుపెట్టేస్తాం. బొమ్మ వస్తోంది కదా, ఇక చూడాల్సిందేముంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఎనిమిది నెలలు ఆడాను. ఒకరోజు సౌండ్ సంగతేదో చూద్దామని కన్సోల్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే, వీడియో ఔట్‌పుట్ వివరాల్లో 60 హెర్ట్జ్ (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) అని, హెచ్‌డీఆర్ (బాగా వెలుగున్న చోట, బాగా చీకటి ఉన్న చోట కూడా వివరాలు చూపించే పద్ధతి) దగ్గర సపోర్ట్ లేదని కనిపించింది. నా టీవీ 120 హెర్ట్జ్‌ది, హెచ్‌డీఆర్ ఉన్నది. కేబుల్‌ని పక్క పోర్ట్‌లోకి మార్చి, టీవీ మెనూలో ఒక్క ఆప్షన్ ఆన్ చేశాను, అంతే. అప్పటిదాకా ఆడిన గేమ్‌నే మళ్లీ తెరిస్తే, సాయంత్రపు ఆకాశం తెల్లగా పాలిపోయి కనిపించిన చోటే మబ్బుల అంచులు, వాటి వెనక నారింజ రంగు విడివిడిగా తెలిశాయి. అప్పటికే రెండు పెద్ద గేములు పూర్తిచేసేశానే అని చాలా బాధేసింది. మీకు అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇందులో డబ్బు పెట్టి కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. టీవీలు చాలావరకు షాపులో పక్కనున్న సెట్ల కన్నా మెరిసేలా, బొమ్మ నున్నగా జారుతున్నట్టు కదిలేలా సెట్ అయి వస్తాయి. గేమ్‌కి ఆ హంగులు ఎక్కువ శాతం అడ్డమే. కాబట్టి మనం చేసే పనిలో సగానికి పైగా ఆఫ్ చేయడమే ఉంటుంది. వరస మాత్రం ముఖ్యం: ముందు పోర్ట్, తర్వాత టీవీ, తర్వాత కన్సోల్, చివర్న గేమ్. ఈ వరస తప్పితే ఒకచోట సరిచేసింది ఇంకోచోట పాడవుతుంది, హెచ్‌డీఆర్ విషయంలో అయితే మరీను.

పోర్ట్, కేబుల్

టీవీ వెనక నాలుగు హెచ్‌డీఎంఐ పోర్ట్‌లు ఒకేలా కనిపిస్తాయి గానీ నాలుగూ ఒకటి కావు. 4కే బొమ్మ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 3840 బై 2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెల్స్. సెకనుకి 60 ఫ్రేములు పంపడానికి హెచ్‌డీఎంఐ 2.0 చాలు, దాని సామర్థ్యం సెకనుకి 18 గిగాబిట్లు. 120 ఫ్రేములు కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి, అది 48 గిగాబిట్ల దాకా వెళ్తుంది. చాలా టీవీల్లో ఈ 2.1 పోర్ట్‌లు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. పోర్ట్ పక్కన చిన్న అక్షరాల్లో '4కే 120 హెర్ట్జ్' అనో, గేమ్‌ప్యాడ్ గుర్తో వేసి ఉంటుంది, ఫోన్ టార్చ్ వేసి చూడండి. కనిపించకపోతే మోడల్ నంబర్‌తో యూజర్ మాన్యువల్ తెరిస్తే ఏ పోర్ట్‌ ఏమిటో తెలిసిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కొన్ని టీవీల్లో ఉన్న రెండు మంచి పోర్ట్‌లలో ఒకటి సౌండ్‌బార్‌కి వాడే ఈఆర్క్ పోర్ట్ అయి ఉంటుంది. సౌండ్‌బార్ ఒకటి, కన్సోళ్లు రెండు ఉన్నవాళ్లకి ఒకటి తక్కువ పడుతుంది. అప్పుడు 120 హెర్ట్జ్ ఇచ్చే కన్సోల్‌కి మంచి పోర్ట్ ఇచ్చి, మొదటి తరం నింటెండో స్విచ్ లాంటిదాన్ని మామూలు పోర్ట్‌కి మార్చేయండి. అది డాక్‌లో (టీవీకి కలిపే స్టాండ్‌లో) పెట్టినా 1080పీ (4కే కన్నా తక్కువ పిక్సెల్స్ ఉండే ఫుల్ హెచ్‌డీ) కన్నా ఎక్కువ ఇవ్వదు కాబట్టి దానికి పోయేదేమీ లేదు.

కన్సోల్‌ని ముందు సౌండ్‌బార్‌కో పాత హోమ్ థియేటర్ రిసీవర్‌కో పెట్టి, అక్కడి నుంచి టీవీకి లాగినవాళ్లు ఉంటారు. మధ్యలో ఉన్న పెట్టె ఎంత పంపగలిగితే అంతే టీవీకి చేరుతుంది. అది పాతదైతే 120 హెర్ట్జ్ పోతుంది, వీఆర్ఆర్ (కన్సోల్ ఫ్రేముల వేగానికి టీవీ తన వేగాన్ని కలుపుకోవడం, కింద వివరంగా చెప్తాను) పోతుంది, ఒక్కోసారి హెచ్‌డీఆర్ కూడా పోతుంది. కన్సోల్ నుంచి నేరుగా టీవీకి, టీవీ నుంచి ఈఆర్క్ ద్వారా సౌండ్‌బార్‌కి: ఈ దారి అన్నిటికన్నా హాయి.

కేబుల్ గురించి ఎక్కువ ఆలోచించకండి. పీఎస్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ డబ్బాల్లో వచ్చే కేబుల్ 48 గిగాబిట్లదే, దాన్నే వాడండి. వేరేది కొనాల్సి వస్తే ప్యాకెట్ మీద 'అల్ట్రా హై స్పీడ్' అన్న సర్టిఫికేషన్ లేబుల్, దాని మీద క్యూఆర్ కోడ్ ఉన్నాయో లేదో చూసి కొనండి. ఖరీదైన కేబుల్ వల్ల రంగులు బాగా వస్తాయన్న మాట నమ్మకండి. వెళ్లేది డిజిటల్ సిగ్నల్, సరిగ్గా చేరితే పూర్తి బొమ్మ వస్తుంది, చేరకపోతే స్క్రీన్ మధ్యమధ్యలో నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా తెల్ల చుక్కలు మిణుకుమిణుకుమంటాయి. అవి కనిపిస్తే కేబుల్ మార్చాలి. మూడు మీటర్లు దాటి లాగాల్సి వస్తే మామూలు రాగి కేబుల్‌తో 4కే 120 హెర్ట్జ్ నిలకడగా రావడం కష్టం, అంత దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ చూసుకోండి.

సరైన పోర్ట్‌లో పెట్టాక కూడా పని అయిపోలేదు. చాలా టీవీల్లో ఆ పోర్ట్‌ని పూర్తి సామర్థ్యంతో పనిచేయమని మెనూలో విడిగా చెప్పాలి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది: శామ్‌సంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'హెచ్‌డీఎంఐ డీప్ కలర్', సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్' కింద 'ఎన్‌హాన్స్‌డ్' అని. నా ఎనిమిది నెలలూ సగం పోర్ట్ దగ్గర, సగం ఈ ఆప్షన్ దగ్గర పోయాయి. ఇది ఆఫ్‌లో ఉంటే, టీవీకి హెచ్‌డీఆర్ ఉన్నా సరే, లేదనే కన్సోల్ అనుకుంటుంది. ప్రతి పోర్ట్‌కి విడిగా ఆన్ చేయాలని మర్చిపోవద్దు.

గేమ్ మోడ్ ఎందుకు తప్పనిసరి

మీరు బటన్ నొక్కినప్పటి నుంచి స్క్రీన్ మీద మనిషి ఎగిరేదాకా పట్టే ఆలస్యాన్నే మనం లాగ్ అంటాం. దాంట్లో కొంత గేమ్‌ది, కొంత కన్సోల్‌ది, మిగిలింది టీవీది. కన్సోల్ పంపిన ఫ్రేమ్‌ని టీవీ వెంటనే చూపించదు. ముందు నాయిస్ తీసేస్తుంది, అంచులు పదును చేస్తుంది, ముందు ఫ్రేమ్‌తో పోల్చి మధ్యలో కొత్త ఫ్రేములు తయారుచేసి ఇరికిస్తుంది, ఇవన్నీ అయ్యాక అప్పుడు చూపిస్తుంది. సినిమాకి ఆ ఆలస్యం తెలియదు, ఎందుకంటే సినిమాలో మనం నొక్కే బటన్ లేదు. గేమ్‌లో మాత్రం, 60 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేమ్‌కి ఉన్న టైమే 16.7 మిల్లీసెకన్లు, మామూలు పిక్చర్ మోడ్‌లో టీవీ ఆలస్యం 100 మిల్లీసెకన్ల దగ్గరికి వెళ్లిందంటే ఆరు ఫ్రేములు వెనక ఆడుతున్నట్టు లెక్క. మంచి టీవీలో గేమ్ మోడ్ పెడితే అదే 10, 15 మిల్లీసెకన్లకి దిగుతుంది. శత్రువు దెబ్బ తప్పించుకునే బటన్ టైముకే నొక్కాను, అయినా తగిలింది అని విసుక్కునేవాళ్లు ఒకసారి ఈ మోడ్ చూసుకోవాలి.

ఏఎల్ఎల్ఎం అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే గేమ్ మొదలవగానే కన్సోలే టీవీకి చెప్పి గేమ్ మోడ్‌లోకి మారుస్తుంది. టీవీలోనూ కన్సోల్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేయండి. మీ టీవీలో అది లేకపోతే, ఆ పోర్ట్‌కి గేమ్ మోడ్‌ని చేత్తో పెట్టేసి అలాగే ఉంచేయండి.

గేమ్ మోడ్‌లోకి వెళ్లగానే బొమ్మ కాస్త నీలంగా, చల్లగా కనిపించి, 'అబ్బే, ఇదేం బాగాలేదు' అని వెనక్కి వచ్చేసేవాళ్లు చాలామంది. వెనక్కి రాకండి, అక్కడే ఉండి కలర్ టెంపరేచర్‌ని 'వార్మ్' వైపు మార్చండి. మొదటి రోజు పసుపు కొట్టినట్టు అనిపిస్తుంది, అది నిజమే. రెండు మూడు రోజులకి కన్ను అలవాటుపడ్డాక పాత సెట్టింగ్ పెట్టి చూస్తే మంచు ఎంత నీలంగా, మనుషుల ముఖాలు ఎంత పాలిపోయి ఉండేవో మీకే తెలుస్తుంది. గేమ్ తయారుచేసేవాళ్లు రంగులు దిద్దేది 6500 కెల్విన్ దగ్గర ఉండే తెలుపుని పెట్టుకుని, వార్మ్ దానికి దగ్గరగా ఉంటుంది.

ఇక ఆఫ్ చేయాల్సినవి. మధ్యలో కొత్త ఫ్రేములు ఇరికించే మోషన్ స్మూతింగ్, దానికి మీ టీవీలో ఏ పేరు ఉన్నా సరే, ఆఫ్. నాయిస్ రిడక్షన్ ఆఫ్. డైనమిక్ కాంట్రాస్ట్, ఆటో బ్రైట్‌నెస్, ఎనర్జీ సేవింగ్ ఆఫ్. ఈ ఎనర్జీ సేవింగ్ గురించి విడిగా చెప్పాలి: మీరు హెచ్‌డీఆర్ ఎంత బాగా సెట్ చేసినా, గదిలో వెలుతురు తగ్గిందని టీవీ తనంతట తనే స్క్రీన్‌ని మసక చేసేస్తుంటే ఏ కొలతా నిలవదు. బొమ్మ సైజు సెట్టింగ్‌లో 'జస్ట్ స్కాన్', 'స్క్రీన్ ఫిట్', 'ఫుల్ పిక్సెల్' లాంటి పేరు ఏది ఉంటే అది పెట్టండి. పాత ట్యూబ్ టీవీల కాలంలో బొమ్మ అంచులు కాస్త కత్తిరించి చూపించేవాళ్లు, ఆ అలవాటు కొన్ని టీవీల్లో ఇంకా ఉంది. లైఫ్ బార్ మూలకి తెగిపోయినట్టు కనిపిస్తే కారణం ఇదే. పైగా బొమ్మని కొంచెం సాగదీస్తారు కాబట్టి 4కే బొమ్మ కూడా మెత్తబడుతుంది.

షార్ప్‌నెస్ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. దాదాపు ప్రతి ఇంట్లో ఇది అవసరానికి మించి ఉంటుంది. గేమ్ మెనూలో ఏదైనా తెల్ల అక్షరాలు ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద ఉన్న పేజీ తెరిచి, టీవీకి బాగా దగ్గరగా, రెండడుగుల్లో నిలబడండి. షార్ప్‌నెస్‌ని పూర్తిగా పెంచితే అక్షరం చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ కన్నా నల్లటి సన్న గీత ఒకటి పుడుతుంది, దాని బయట మళ్లీ ఒక లేత గీత. ఆ గీతలు గేమ్‌లో లేవు, టీవీ గీసినవి. ఇప్పుడు ఒక్కో పాయింట్ తగ్గిస్తూ రండి, ఆ గీత మాయమైన చోట ఆగండి. చాలా టీవీల్లో అది సున్నా దగ్గరో సున్నాకి దగ్గర్లోనో ఉంటుంది, కొన్నిట్లో మాత్రం మధ్యలో ఉంటుంది, అక్కడ సున్నా పెడితే బొమ్మ మసకబారుతుంది. అందుకే అంకె నేను చెప్పడం లేదు, మీ కన్నే చెప్పాలి.

'బ్రైట్‌నెస్' అన్న పదం దగ్గర కూడా జాగ్రత్త. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే నలుపు ఎంత నల్లగా ఉండాలన్నది, స్క్రీన్ వెలుగు మార్చేది 'బ్యాక్‌లైట్' లేదా ఓఎల్ఈడీలో (ప్రతి పిక్సెల్ తనంతట తనే వెలిగే టీవీలో) 'ఓఎల్ఈడీ పిక్సెల్ బ్రైట్‌నెస్'. అలాంటి టీవీల్లో గేమ్ చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిద రంగులోకి మారుతుంది తప్ప వెలుగు పెరగదు. దాన్ని మొదట్లో ఉన్నచోటే వదిలేసి, వెలుగు కావాలంటే బ్యాక్‌లైట్ పెంచండి.

నలుపు తేడాగా ఉంటే

ఇది చిన్న సెట్టింగ్, కానీ తప్పితే బొమ్మ మొత్తం పోతుంది. సిగ్నల్‌లో నలుపు నుంచి తెలుపు దాకా మెట్లని రెండు రకాలుగా పంపుతారు. 'లిమిటెడ్'లో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది, 'ఫుల్'లో 0 నుంచి 255 దాకా వెళ్తుంది. కన్సోల్ ఒకటి పంపి, టీవీ ఇంకోటి అనుకుంటేనే గొడవ. కన్సోల్ ఫుల్ పంపుతుంటే టీవీ లిమిటెడ్ అనుకుందనుకోండి, 16 కన్నా కిందున్న నీడలన్నీ ఒకే నలుపులో కలిసిపోతాయి. గుహలోకి వెళ్లారు, చేతిలో కాగడా ఉంది, కాగడా వెలుగు పడిన రాయి కనిపిస్తుంది, దాని పక్కనే గోడ ఉండాల్సిన చోట తారు పోసినట్టు నల్లగా ఉంటుంది. ఆ నలుపులోంచి శత్రువు బయటికి వచ్చాకే మీకు కనిపిస్తాడు. తిరగేసి జరిగితే, అదే గుహ పొగమంచు పట్టినట్టు బూడిదగా ఉంటుంది, రాత్రి కూడా రాత్రిలా ఉండదు.

పీఎస్ 5లో, స్విచ్‌లో 'ఆర్‌జీబీ రేంజ్' అనీ, టీవీలో 'బ్లాక్ లెవెల్', 'హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్' లేదా 'వీడియో రేంజ్' అనీ ఉంటుంది. రెండుచోట్లా 'ఆటో' పెట్టి చూడండి, చాలావరకు అదే కుదురుతుంది. కుదరకపోతే రెండుచోట్లా లిమిటెడ్ పెట్టండి. ఎక్స్‌బాక్స్‌లో 'కలర్ స్పేస్' అని ఉంటుంది, టీవీ అయితే 'స్టాండర్డ్' వదిలేయడమే మంచిది. ఫుల్ పెడితే బొమ్మ ఎక్కువ నాణ్యతతో వస్తుందని కొందరంటారు, టీవీ మీద మాత్రం రెండూ ఒకేలా సరిపోలడమే కావాలి.

కన్సోల్‌లో ఏం చేయాలి

పీఎస్ 5లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'స్క్రీన్ అండ్ వీడియో', అందులో 'వీడియో ఔట్‌పుట్' తెరవండి. రిజల్యూషన్ ఆటోమేటిక్, వీఆర్ఆర్ ఆటోమేటిక్, 120 హెర్ట్జ్ ఔట్‌పుట్ ఆటోమేటిక్. హెచ్‌డీఆర్‌ని 'ఆన్ వెన్ సపోర్టెడ్' అన్నదానికి మార్చండి, ఇది ముఖ్యం. ఎప్పుడూ ఆన్‌లో పెడితే హెచ్‌డీఆర్ లేని పాత గేములని కూడా కన్సోల్ హెచ్‌డీఆర్‌లోకి మార్చి పంపుతుంది, చాలా టీవీల మీద వాటి రంగులు తేడాగా వస్తాయి. అదే పేజీలో ప్రస్తుతం ఏ సిగ్నల్ వెళ్తోందో వివరాలు ఉంటాయి, నాకు కనిపించినవి అవే. మొత్తం సెట్ చేశాక ఒకసారి అక్కడికొచ్చి 2160, హెచ్‌డీఆర్ అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఎక్స్‌బాక్స్ సిరీస్‌లో 'జనరల్', 'టీవీ అండ్ డిస్‌ప్లే ఆప్షన్స్' దగ్గర ఇవి ఉంటాయి. అక్కడ '4కే టీవీ డీటెయిల్స్' అని ఒక పేజీ ఉంది, నాకు చాలా నచ్చింది: మీ టీవీ ఏది చేయగలదో, ఏది చేయలేదో వరసగా టిక్కులు, క్రాసులు వేసి చూపిస్తుంది. ఉండాల్సినదానికి క్రాస్ పడిందంటే పోర్ట్ దగ్గరికి వెనక్కి వెళ్లాలి. 'వీడియో మోడ్స్'లో వీఆర్ఆర్, ఆటో లో లేటెన్సీ (పైన చెప్పిన ఏఎల్ఎల్ఎం ఇదే), హెచ్‌డీఆర్10 టిక్ చేయండి.

మొదటి తరం స్విచ్‌లో పెద్దగా చేయడానికి లేదు, టీవీ రిజల్యూషన్ ఆటోమేటిక్‌లో పెట్టి రేంజ్ చూసుకుంటే చాలు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 డాక్‌లో 4కే 60 దాకా, లేదంటే 1440పీ, 1080పీల దగ్గర 120 దాకా ఇస్తుంది, హెచ్‌డీఆర్ కూడా ఉంది, కాబట్టి దానికి మంచి పోర్ట్ ఇవ్వడం న్యాయం.

వీఆర్ఆర్ ఏం చేస్తుందో రెండు మాటల్లో చెప్తాను. గేమ్ ఎప్పుడూ కచ్చితంగా 60 ఫ్రేములు ఇవ్వలేదు, పేలుళ్లు, జనం ఎక్కువున్న చోట 52కి పడుతుంది, మళ్లీ లేస్తుంది. మామూలుగా టీవీ తన తాళం తను వేసుకుంటూ పోతుంది కాబట్టి ఆ పడటం మనకి కుదుపులా, కొన్నిసార్లు బొమ్మ అడ్డంగా తెగినట్టు కనిపిస్తుంది. వీఆర్ఆర్ ఉంటే టీవీయే కన్సోల్ తాళానికి అడుగులేస్తుంది. పీఎస్ 5లో ఇది 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది, 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. ఎక్కువమందికి ఆన్‌లో ఉంచడమే మంచిది. కొన్ని ఓఎల్ఈడీ టీవీల్లో చీకటి సీన్లలో, లోడింగ్ స్క్రీన్లలో సన్నగా మిణుకుమంటుంది, అది కళ్లకి ఇబ్బందిగా ఉంటే ఆ ఒక్క గేమ్ ఆడేంతసేపు ఆఫ్ చేసుకోండి. అది సెట్ పాడైందని కాదు, టెన్షన్ పడకండి.

హెచ్‌డీఆర్: పది నిమిషాలు పెట్టాల్సింది ఇక్కడే

మిగతావన్నీ తొందర్లో చేసినా, ఇది మాత్రం సాయంత్రం గదిలో లైట్లు మీరు మామూలుగా ఆడేటప్పుడు ఎలా ఉంటాయో అలా ఉంచి, నెమ్మదిగా చేయండి.

హెచ్‌డీఆర్‌లో అసలు సమస్య, సూర్యుడు ఎంత వెలుగుగా ఉండాలో గేమ్ చెప్తుంది, అంత వెలుగు మీ టీవీకి లేదు. అప్పుడు ఎవరో ఒకరు దాన్ని టీవీకి సరిపడేలా కుదించాలి. ఆ పనిని టోన్ మ్యాపింగ్ అంటారు. కన్సోల్‌కి టీవీ హద్దు తెలిస్తే అదే కుదించి పంపుతుంది. తెలియకపోతే కన్సోల్ ఒకసారి, టీవీ ఇంకోసారి, ఇద్దరూ కుదిస్తారు, అప్పుడు బొమ్మ నీరసంగా, మబ్బు పట్టినట్టు తయారవుతుంది. ఇది జరగకూడదనే సోనీ, మైక్రోసాఫ్ట్ ఇంకా కొన్ని టీవీ, గేమ్ కంపెనీలు కలిసి హెచ్‌జీఐజీ అని ఒక పద్ధతి పెట్టుకున్నాయి. మీ టీవీలో 'హెచ్‌డీఆర్ టోన్ మ్యాపింగ్' కింద ఆ పేరు కనిపిస్తే దాన్ని ఎంచుకోండి. లేకపోతే డైనమిక్ టోన్ మ్యాపింగ్‌ని ఆఫ్ చేయండి. ఇది కొలతలు తీయడానికి ముందే చేయాలి, తర్వాత చేస్తే కొలతలన్నీ వృథా.

ఇప్పుడు పీఎస్ 5లో 'అడ్జస్ట్ హెచ్‌డీఆర్', ఎక్స్‌బాక్స్‌లో 'క్యాలిబ్రేట్ హెచ్‌డీఆర్ ఫర్ గేమ్స్' తెరవండి. పీఎస్ 5లో మొదటి రెండు స్క్రీన్లలో తెల్లటి చోట ఒక గుర్తు ఉంటుంది. బటన్ నొక్కుతూ పోతే ఆ గుర్తు క్రమంగా చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోతుంది. మొదట్లో స్పష్టంగా ఉంటుంది, ఇంకో నాలుగు నొక్కులకి అంచు మాత్రమే, ఇంకో నొక్కుకి కాస్త పక్కకి తల వంచి చూస్తే గానీ తెలియదు. ఆ కనిపించీ కనిపించని చోటే మీ టీవీ హద్దు, అక్కడ ఆపండి. అది మాయమయ్యాక ఇంకా నొక్కుకుంటూ పోతే, మీ టీవీకి లేని వెలుగు ఉందని కన్సోల్‌కి చెప్పినట్టే, మేఘాలు, మంచు, అద్దాల మీద మెరుపు అన్నీ ఒకే తెల్లటి మచ్చ అయిపోతాయి. మూడో స్క్రీన్ నలుపుది, దాన్ని గది చీకటిగా ఉన్నప్పుడు చూడటం మేలు.

డైనమిక్ టోన్ మ్యాపింగ్ ముందే ఆఫ్ చేయమన్నది ఎందుకో ఈ స్క్రీన్ దగ్గరే మీకు తెలుస్తుంది. అది ఆన్‌లో ఉంటే మీరు ఎంత నొక్కినా ఆ గుర్తు మాయమవదు, ఎందుకంటే మీరు పెంచిన ప్రతిసారీ టీవీ దాన్ని కిందికి కుదిస్తూ ఉంటుంది.

ఇంత చేశాక కొన్ని గేములు సొంతంగా మళ్లీ హెచ్‌డీఆర్ స్లైడర్లు చూపిస్తాయి. కన్సోల్ కొలతలని అవే తీసుకుంటే వదిలేయండి, తీసుకోకపోతే అక్కడా ఇదే పద్ధతిలో చేయండి. 'పేపర్ వైట్' అని ఒకటి ఉంటే అది మామూలు తెల్లటి వస్తువులు, మెనూ అక్షరాలు ఎంత వెలుగ్గా ఉండాలన్నది, కంటికి హాయిగా ఉన్నచోట పెట్టుకోండి.

నిజాయితీగా ఒక మాట చెప్పాలి. తక్కువ వెలుగున్న, లోకల్ డిమ్మింగ్ (చీకటి ఉన్న చోట మాత్రమే బ్యాక్‌లైట్ తగ్గించడం) లేని టీవీల మీద హెచ్‌డీఆర్ అని డబ్బా మీద రాసి ఉన్నా, హెచ్‌డీఆర్ ఆఫ్ చేసిన బొమ్మే బాగుంటుంది. ఒకే సీన్‌ని రెండు రకాలుగా చూడండి, ఆఫ్‌లో బాగుంటే ఆఫ్‌లోనే ఆడండి. కన్సోల్‌లో ఉందని ప్రతిదీ ఆన్ చేయాలని లేదు.

గేమ్ లోపల

గేమ్ మెనూలో 'క్వాలిటీ', 'పెర్ఫార్మెన్స్' అని రెండు కనిపిస్తాయి. క్వాలిటీలో బొమ్మ చెక్కినట్టు ఉంటుంది, 30 ఫ్రేములు. పెర్ఫార్మెన్స్‌లో వివరాలు కాస్త తగ్గుతాయి, 60 ఫ్రేములు. ఫొటోలో క్వాలిటీయే గెలుస్తుంది, కానీ గేమ్ ఫొటో కాదు, కదులుతుంది. కెమెరాని వేగంగా తిప్పినప్పుడు 30 దగ్గర అంతా చెదిరిపోయి, తిప్పడం ఆపాకే వివరాలు కనిపిస్తాయి. నేను దాదాపు అన్నిట్లోనూ పెర్ఫార్మెన్సే పెడతాను. 120 హెర్ట్జ్ టీవీ ఉన్నవాళ్లకి కొన్ని గేముల్లో 40 ఫ్రేముల మోడ్ కూడా ఉంటుంది, తప్పకుండా చూడండి. 30 నుంచి 40 అంటే చిన్న తేడాలా వినిపిస్తుంది గానీ, ఒక్కో ఫ్రేమ్ టైము 33.3 నుంచి 25 మిల్లీసెకన్లకి తగ్గుతుంది, 60 దగ్గర 16.7 కదా, అంటే సరిగ్గా సగం దూరం వచ్చేసినట్టే. 120ని 40 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి కుదుపూ ఉండదు. పీఎస్ 5లో 'గేమ్ ప్రీసెట్స్' దగ్గర మీకు కావాల్సిన మోడ్ ముందే చెప్పి పెట్టొచ్చు, దాన్ని పాటించే గేములు అదే తీసుకుంటాయి.

మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్ (పాత ఫిల్మ్ మీద రేణువుల్లాంటి చుక్కలు), క్రొమాటిక్ అబరేషన్ (అంచుల్లో రంగులు విడిపోయినట్టు చూపడం) అన్నవి కనిపిస్తే చివరి రెండూ ఆఫ్ చేసి చూడండి, బొమ్మ మీద ముసుగు తీసినట్టు ఉంటుంది. మోషన్ బ్లర్ 30 ఫ్రేముల దగ్గర కొంచెం పనికొస్తుంది, 60 దగ్గర నాకైతే అక్కర్లేదు.

పాత కన్సోళ్ల సంగతి వేరు. పీఎస్ 2 లాంటివాటిని పసుపు పిన్ను కాంపోజిట్ కేబుల్‌తో పెద్ద టీవీకి పెడితే రంగులు ఒకదాని మీదకి ఒకటి కారినట్టు ఉంటాయి, ఎందుకంటే వెలుగు, రంగు అన్నీ ఒకే తీగలో కలిపి పంపుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పిన్నులున్న కాంపోనెంట్ కేబుల్ పెడితే అదే కన్సోల్ ఎంత తేటపడుతుందో చూసి ఆశ్చర్యపోతారు. మీ టీవీకి ఆ సాకెట్లు ఉంటే ముందు అదే చేయండి. బొమ్మని 4:3లోనే ఉంచండి, పక్కల నల్లపట్టీలు ఉంటే ఉండనివ్వండి, సాగదీస్తే బంతి కోడిగుడ్డు అవుతుంది.

ఎంత దూరంలో కూర్చోవాలంటే, స్క్రీన్ మూల నుంచి మూలకి ఉన్న కొలతకి 1.2 నుంచి 1.6 రెట్లు. 55 అంగుళాల టీవీకి సుమారు 1.7 నుంచి 2.2 మీటర్లు. నాలుగు మీటర్ల దూరంలో కూర్చుంటే 4కే, 1080పీల తేడా కన్ను పట్టుకోలేదు, అప్పుడు 4కే కోసం ఫ్రేములు వదులుకోవడంలో అర్థం లేదు. టీవీకి ఎదురుగా కిటికీ ఉంటే తెర వేయండి. స్క్రీన్ మీద కిటికీ ప్రతిబింబం పడుతుంటే చీకటి సీన్‌ని ఏ సెట్టింగూ కాపాడలేదు.

ఓఎల్ఈడీ ఉన్నవాళ్లు మ్యాప్, లైఫ్ బార్ లాంటి కదలని బొమ్మల్ని గంటల తరబడి, నెలల తరబడి ఒకేచోట ఉంచకుండా చూసుకోండి. గేమ్‌లో హెచ్‌యూడీని, అంటే ఇలా స్క్రీన్ మీద ఉండిపోయే గుర్తుల్ని, మసకగా పెట్టే ఆప్షన్ ఉంటే వాడండి. ఆట అయ్యాక టీవీని రిమోట్‌తో ఆపి, గోడ దగ్గర స్విచ్ మాత్రం ఆన్‌లోనే వదిలేయండి, పిక్సెల్స్‌ని సరిచేసుకునే పని అది స్టాండ్‌బైలో ఉన్నప్పుడే చేసుకుంటుంది.

అన్నీ సెట్ అయ్యాక టీవీ మెనూ పేజీలు ఒక్కొక్కటీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. టీవీకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన తర్వాత సెట్టింగ్స్ మొదటికి వచ్చేయడం నాకు రెండుసార్లు జరిగింది. అప్‌డేట్ తర్వాత ముందు పోర్ట్ ఆప్షన్, తర్వాత టోన్ మ్యాపింగ్, ఎనర్జీ సేవింగ్, ఈ మూడు చూడండి. టోన్ మ్యాపింగ్ మారి ఉంటే దాన్ని వెనక్కి పెట్టి, హెచ్‌డీఆర్ కొలతలు ఇంకోసారి తీసుకోండి.